కాగితంలో ‘సెప్టిసీమియా’ అని ఉంటే ఎలా చదవాలి

పర్లాకిమిడిలో మా వీధివాళ్లకి ఆస్పత్రి కాగితం అర్థం కాకపోతే మా అరుగు మీదికే వస్తారు. ముప్పయ్యేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను మరి. మొన్న పక్కింటి అబ్బాయి రెండు కాగితాలు తెచ్చాడు. ఇక్కడి పెద్ద డాక్టరుగారు రాసినదాంట్లో ‘సెప్టిసీమియా’, బరంపురంలో ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో ‘సెప్సిస్’. “పిన్నీ, అమ్మకి రెండు జబ్బులా?” అని వాడి టెన్షన్.

జబ్బు ఒకటేరా, డాక్టరుగారి మాట పాతది అన్నాను.

ఇంకా పాత కాగితాల్లో ‘పయేమియా’ అని ఉంటే, రక్తంలో చీము చేరిందని అప్పటి లెక్క. మాకు గుర్తుపెట్టుకోవడం తేలిక, ఒడియాలో చీముని ‘పుజ’ అంటారు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరుగారి స్నేహితుడు ఒకాయన శవపరీక్ష చేస్తుండగా వేలికి కత్తి తగిలి, అది విషమించి, అప్పట్లో పయేమియా అన్న ఈ జబ్బుతోనే పోయాడు. ఆయన శరీరంలో కనిపించినవి, జ్వరంతో పోయిన బాలింతల్లో కనిపించినవి ఒకేలా ఉన్నాయి. ఆ తర్వాతే సెమ్మెల్‌వైస్ డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. చేతులు కడగని కొత్త నర్సులకి ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో!

సెప్టిసీమియా అంటే సూక్ష్మజీవులు రక్తంలో పడి పెరుగుతున్నాయని. ఆ మాటని ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడుతున్నారని, ఇక మానేద్దామని 1991లో అమెరికా నిపుణులు అన్నారు. 2016 నిర్వచనం ప్రకారం సెప్సిస్ అంటే, ఇన్ఫెక్షన్‌తో పోరాడే క్రమంలో ఒళ్లే అదుపు తప్పి కిడ్నీలు, ఊపిరితిత్తుల్లాంటి అవయవాలు దెబ్బతిని ప్రాణం మీదికి రావడం. రక్తంలో ఏ క్రిమీ దొరక్కపోయినా సెప్సిస్ ఉండొచ్చు. కాబట్టి కల్చర్ (రక్తమో చీమో తీసి క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్ష) రిపోర్టులో ‘నో గ్రోత్’, అంటే ఏమీ పెరగలేదని చూసి మందులు మీ అంతట మీరు ఆపేయకండి.

కాగితంలో ముందు ఇన్ఫెక్షన్ ఎక్కణ్ణించి మొదలైందో వెతకండి: మూత్రమా, ఊపిరితిత్తులా, కాలి పుండా. తర్వాత కల్చర్‌లో క్రిమి పేరు. దాని కింద మందుల పేర్ల పక్కన ‘ఎస్’ ఉంటే ఆ మందుకి లొంగుతుంది, ‘ఆర్’ ఉంటే లొంగదు. శ్రీకాకుళమో విశాఖో వెళ్లాల్సి వస్తే అక్కడి డాక్టరు మొదట అడిగేది ఈ కాగితమే.

మనం ‘సెప్టిక్ అయ్యింది’ అనే పుండు వేరు, అది చీము పట్టిన పుండు. కానీ అక్కణ్ణించే సెప్సిస్ మొదలవ్వొచ్చు. ఈ అబ్బాయి తల్లికి పొలంలో ముల్లు గుచ్చుకుంటే నాలుగు రోజులు పసుపు పెట్టుకుంది. అయిదో రోజు జ్వరం తగ్గింది, నయమైందనుకున్నారు. వెళ్లి చూస్తే ఒళ్లు చల్లగా ఉంది, పొద్దుట్నించీ మూత్రం లేదు, కొడుకుని పట్టుకుని ‘ఎవరు నువ్వు’ అంటోంది. పెద్దవాళ్లలో జ్వరం లేకుండా కూడా ఇలా అవ్వొచ్చు. గడియారం పెట్టి నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టాను: 28. పడుకున్న మనిషికి 22 దాటితేనే నాకు భయం. లెక్కపెట్టేటప్పుడు చెప్పకండి, చెబితే ఊపిరి తీరు మారిపోతుంది. ఇలాంటప్పుడు పొద్దున్న చూద్దాంలే అనుకోకుండా 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో “ఇది సెప్సిస్ కావొచ్చా?” అని నోరు తెరిచి అడగండి.

అబ్బాయి కాగితాలు లామినేషన్ చేయిస్తానన్నాడు. వద్దు, జెరాక్స్ తీయించు, రెండు సెట్లు అన్నాను.