చిన్న జర్మన్ పల్లె మధ్యయుగ చరిత్రను తవ్వి తీయడం ఎలా

ముందు పటం చూడాలి, పాత పత్రాల జోలికి ఆ తర్వాతే వెళ్లాలి. చాలామంది తొలి ప్రస్తావన ఉన్న సంవత్సరం పట్టుకుని, ఊరు అప్పుడే పుట్టిందని రాసేస్తారు. నిజానికి ఆ ఏడు ఎవరో తమ పొలమో ద్రాక్షతోటో మఠానికి రాసిచ్చారంతే. ఊరు అప్పటికే ఉంది.

పశ్చిమ జర్మనీలో 1960ల చివర, 1970లలో జరిగిన పాలనా సంస్కరణల్లో వేల పల్లెలు పక్క ఊళ్లలో కలిసిపోయాయి. కాబట్టి మీ ఊరు ఇప్పుడు ఏ మునిసిపాలిటీ కింద ఉందో మొదట తేల్చుకోండి. నోయ్‌కిర్షెన్, హౌసెన్ లాంటి పేర్లు చాలాచోట్ల ఉన్నాయి. జిల్లా, దగ్గరి వాగు పేరు కూడా రాసి పెట్టుకోకపోతే వేరే ఊరి చరిత్ర మీ ఖాతాలో పడుతుంది.

ఇక 1:25,000 టోపో పటం తీయండి. అందులో 4 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. ఇళ్లు చర్చి చుట్టూ గజిబిజిగా గుమిగూడి ఉంటే అది హౌఫెన్‌డోర్ఫ్. సారవంతమైన పాత సాగుభూముల్లో ఎక్కువ. వాగు వెంట ఇళ్లు బారుగా ఉండి, ఒక్కో ఇంటి వెనక పొలం పట్టీలా అడవి దాకా సాగితే వాల్డ్‌హుఫెన్‌డోర్ఫ్. అడవి నరికి, కొలిచి పంచిన ఊరు అది. ఎర్ట్స్‌గెబిర్గె కొండల్లో ఇవి 12వ శతాబ్దం నుంచి వెలిశాయి. పేరు చివరి -హైమ్, -ఇంగెన్ పాతదనానికి, -రోడె అడవి నరికిన చోటుకు సూచనలు. సూచనలే, సాక్ష్యాలు కావు. ఎగువ రైన్ తీరంలో నేటి నదిని నమ్మకండి: 1817 నుంచి దాని వంపులు కోసి తిన్నగా చేశారు. నది పాత పాయల మచ్చలు చూస్తేనే ఊరు ఆ గట్టు మీదే ఎందుకుందో తెలుస్తుంది.

రాష్ట్ర సర్వే శాఖల లేజర్ ఎత్తు పటాలు కూడా తప్పక చూడండి. అడవిలో సమాంతరంగా గట్లు కనిపిస్తే అక్కడ ఒకప్పుడు దున్నిన పొలాలుండేవి. 14, 15 శతాబ్దాల్లో ఖాళీ అయిన పల్లె దగ్గరే ఉండొచ్చు.

పత్రాలకు హెస్సెన్ రాష్ట్రంలో లాగిస్, బాడెన్-వ్యూర్టెంబెర్గ్‌లో లియో-బీడబ్ల్యూ అనే ప్రాంతీయ చరిత్ర వెబ్‌సైట్లు మంచి ప్రారంభం. ఈ రెండు రాష్ట్రాల్లో చాలాచోట్ల తొలి ప్రస్తావన లోర్ష్ మఠం కోడెక్స్‌లోనే (మఠం దానపత్రాల నకళ్ల పుస్తకం) దొరుకుతుంది; 3,800కి పైగా నమోదులున్నాయి. ఇప్పుడు మహానగరమైన మన్‌హైమ్ కూడా 766లో అందులో మామూలు పల్లెగానే కనిపిస్తుంది. ఊళ్లు గౌ అనే పాత ప్రాంతాల వారీగా ఉంటాయి కనుక, పేరు కలిసినా గౌ కలవకపోతే ఆ నమోదును వదిలేయండి.

తేదీల దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. "కార్ల్ రాజు (చార్లెమేన్) 3వ ఏడు" అని ఉంటే, ఆయన పాలన 768 అక్టోబరు 9న మొదలైంది కనుక, నవంబరు పత్రం 770ది, జూన్ పత్రం 771ది. ట్రియర్ ఆర్చ్‌బిషప్ పరిధిలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అక్కడి 1350 ఫిబ్రవరి మన లెక్కలో 1351.

కోడెక్స్ 12వ శతాబ్దం చివర తయారైన నకలు. రాసేవాళ్లు అసలు పత్రాలను కుదించారు. అందుకే మీ నోట్సులో "766 (12వ శతాబ్దపు నకలు)" అని రాయండి, పేరును నకలులో ఉన్న అక్షరాలతోనే ఎత్తి రాయండి.