సొంతంగా ఎల్క్ వేటకా? ముందు మోత లెక్క చూసుకోండి

అక్టోబరు రైఫిల్ సీజన్‌లో కొలరాడో కొండలకు, గైడ్ లేకుండా, ప్రభుత్వ అటవీ భూమిలో వేటకు వెళ్దామనుకుంటే మొదట బరువు లెక్క వేయండి. ఎల్క్ అంటే ఉత్తర అమెరికాలోని భారీ జింక. పెద్ద మగది 300 కిలోలు తూగుతుంది. ఎముకలు తీసేసినా 80 నుంచి 100 కిలోల మాంసం ఉంటుంది. ఏటవాలు దారిలో మనిషి విడతకు 25 కిలోలు మోస్తే చాలా ఎక్కువ. అంటే నాలుగు మోతలు. కారుకు 3 కిలోమీటర్ల అవతల పడగొడితే మొత్తం 21 కిలోమీటర్ల నడక, అందులో 12 బరువుతో. తల, కొమ్ములు, తుపాకీ అదనం. తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేస్తే నేరం. అందుకే బయల్దేరే ముందే మ్యాపులో ఒక గీత గీసుకోండి: ఒక్కరే అయితే దాన్ని దాటి ఎంత మంచి జంతువు కనిపించినా కాల్చొద్దు. లోయలోకి దిగి కాల్చడం మరీ ప్రమాదం, ఎందుకంటే బరువంతా ఎగువకే మోయాలి.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట మాటే లేదు కాబట్టి అమెరికాలోని తెలుగువాళ్ళలో చాలామందికి ఇక్కడి నిబంధనలు కొత్త. హెచ్1బి, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ పట్టడం ఫెడరల్ నేరం. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది. వేట శిక్షణ పూర్తిచేస్తే ఇచ్చే హంటర్ ఎడ్యుకేషన్ కార్డు లైసెన్స్ కాదు. స్నేహితుడి రైఫిల్‌తో ప్రాక్టీసుకు వెళ్ళినా ఇదే వర్తిస్తుంది కాబట్టి లైసెన్స్ చేతికొచ్చాకే తుపాకీ ముట్టుకోండి. ట్యాగ్ (ఒక జంతువును వేటాడే అనుమతి పత్రం) లాటరీ దరఖాస్తుల గడువు ఏప్రిల్ మొదట్లోనే ముగుస్తుంది. రూల్స్ పుస్తకం ఏటా మారుతుంది, పాతది చూసి వెళ్ళొద్దు.

రైఫిల్ సీజన్‌లో నడుము పైన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు, తలకు అదే రంగు టోపీ తప్పనిసరి. చాలా యూనిట్లలో (వేట కోసం విడదీసిన ప్రాంతాల్లో) మగ ఎల్క్ కొమ్ముకు ఒక వైపు నాలుగు కొనలైనా ఉండాలి, లేదా నుదుటి దగ్గరి కొన 5 అంగుళాలైనా ఉండాలి. బైనాక్యులర్‌లో కొనలు లెక్కపెట్టలేకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. ప్రైవేటు భూమి హద్దులున్న మ్యాపును ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి, కొండల్లో సిగ్నల్ ఉండదు.

డెన్వర్ 1,600 మీటర్ల ఎత్తులో ఉంటే ఎల్క్ తిరిగేది 2,700 నుంచి 3,300 మీటర్ల మధ్య. రెండు రోజులు ముందే వెళ్ళి తక్కువ పనితో గడపండి. తలనొప్పి, వికారం వస్తే ఇంకా పైకి ఎక్కొద్దు. విశ్రాంతి తీసుకుంటున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలినా, రాత్రయినా సరే కిందికి దిగాల్సిందే. జీన్స్, కాటన్ బనియన్లు వద్దు. చెమటకు తడిసిన కాటన్ సాయంత్రం మంచులో ఒంటి వేడినంతా లాగేస్తుంది. ఎక్కేటప్పుడు కోటు విప్పేసి, ఆగగానే వేసుకోండి.

జంతువు పడ్డాక ట్యాగ్ మీద సంతకం, తేదీ వేసి, లైసెన్స్ కాగితం నుంచి దాన్ని వేరు చేయండి. తర్వాత అసలు పందెం వేడితో. మందమైన తోలు, బొచ్చు కింద తొడ లోపలి వేడి ఎటూ పోదు. అందుకే చలి రోజైనా తొడ బంతికీలు దగ్గర ఎముకను అంటిన మాంసం మొదట పాచిపోతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. పొట్ట కోయకుండానే పని చేయొచ్చు. పక్కకు పడుకోబెట్టి వెన్ను పొడవునా తోలు కోసి పొట్ట వైపు ఒలవండి. ముందు జబ్బకు ఎముక కీలు ఉండదు, కండ తెంపితే ఊడి వస్తుంది. వెనక తొడను కీలు దగ్గర విడదీయండి. తర్వాత వెన్ను కండ, మెడ కండ. తిరగేసి రెండో వైపూ ఇలాగే. నడుము లోపలి కండను చివరి పక్కటెముక వెనక చేయి పెట్టి తీయొచ్చు. మగదో ఆడదో తెలిపే భాగం మాంసానికి సహజంగా అంటుకునే ఉండాలి, విడిగా కోసి సంచిలో వేస్తే చెల్లదు. ముక్కల్ని గాలి ఆడే బట్ట సంచుల్లో వేసి నీడలో కొమ్మకు వేలాడదీయండి. ప్లాస్టిక్ సంచిలో వేడి చిక్కుకుంటుంది. ఎలుగులు వస్తాయి కాబట్టి మాంసం శిబిరానికి దూరంగా, దూరం నుంచే కనిపించే చోట ఉండాలి. తిరిగి వచ్చేటప్పుడు చప్పుడు చేస్తూ రండి.

కారులో 100 లీటర్ల కూలర్లు రెండు, గడ్డకట్టించిన నీళ్ళ సీసాలతో. విడి ఐసు కరిగితే మాంసం నీళ్ళలో నానుతుంది. ఎల్క్‌తో సహా జింకలకు సోకి మెదడును దెబ్బతీసే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ కొలరాడోలో ఉంది. గ్లవ్స్ వేసుకోండి, మెదడు, వెన్నుపాము కోయొద్దు, తలను వన్యప్రాణి శాఖ పరీక్షకు ఇచ్చి, ఫలితం వచ్చేదాకా ఆ మాంసాన్ని వేరుగా ఫ్రీజర్‌లో ఉంచండి. చాలా రాష్ట్రాలు మెదడు, వెన్నెముక భాగాల్ని లోపలికి రానివ్వవు, ఇంటికి వెళ్ళే దారిలోని రాష్ట్రాల నిబంధనలూ చూసుకోండి.

ఇంట్లో ఒకరికి కారు ఆపే చోటు, నడిచే దిక్కు, తిరిగి వచ్చే రోజు రాసివ్వండి. శాటిలైట్ పరికరంతో రోజూ రాత్రి ఏ టైమ్‌కు మెసేజ్ పెడతారో చెప్పండి. మర్నాడు పొద్దుటికీ అది రాకపోతే మీరు వేటకు వెళ్ళిన కౌంటీ (జిల్లా) షెరీఫ్ ఆఫీసుకే, అంటే అక్కడి పోలీసులకే, ఫోన్ చేయాలి. ఆ నంబరు కూడా అదే కాగితం మీద రాసిపెట్టండి.