ఎయిర్ ట్యాంకుల నీళ్లు రోజూ మాపటికి ఇడవాలె

డీసీఎంలు, లారీలు నడిపే అన్నలకు ఒక మాట. బండి పెట్టినంక సీదా ఇంటికి పోకుండ్రి, టైర్లకు రాయి అడ్డం పెట్టి బ్రేకులకు గాలి నింపి పెట్టే ఎయిర్ ట్యాంకుల కింద నీళ్లు ఇడిసే డ్రెయిన్ వాల్వ్ రింగు ఉంటది గదా, అది జెర గుంజుండ్రి. కంప్రెసర్ గాలిని ఒత్తినప్పుడు గాలిల ఉన్న తేమ నీళ్లై ట్యాంకు అడుగున కూసుంటది, వానకాలం అయితే ఇంకా ఎక్కువ, అది తియ్యకపోతే లోపల తుప్పు పట్టి ఆ చెత్తంత వాల్వులల్లకు పోయి బ్రేక్ సరిగ్గ పట్టదు.

మొన్న వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు దించిన బండి మా షెడ్డుకొచ్చింది, రింగు గుంజంగనే బుస్సుమని పాల చాయ్ లెక్క నురుగు నీళ్లు, షెడ్డంత ఆయిల్ వాసన. గట్ల నీళ్లల్ల ఆయిల్ కలిసి వస్తే కంప్రెసర్ లోపలి పిస్టన్ రింగులు అరిగినయేమో చూపియ్యుండ్రి, గాలిల తేమ తీసే ఎయిర్ డ్రయ్యర్ ఫిల్టర్ గూడ మార్పియ్యుండ్రి, లేట్ చెయ్యకుండ్రి. ఉత్త నీళ్లే అయితే భయం లేదు, ఒట్టి గాలి వచ్చేదాక ఇడిస్తే సాలు. అన్ని ట్యాంకులు చూడాలె, చానమంది ముందుదొక్కటే గుంజి ఇడిసిపెడ్తరు.

పొద్దుగాల స్టార్ట్ చేసినంక గాలి గేజ్ నిండి, గాలి తక్కువుందని మోగే బజర్ ఆగినంకనే బండి కదపుండ్రి.