కొండ చాటు నుంచి టైటిల్ లేపాలంటే: ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో మాస్క్‌తో టెక్స్ట్ రివీల్

టైటిల్ ఊరికే ఫేడ్ అయి రావడం కంటే ఓ గీత కింద నుంచో, కొండ వెనక నుంచో పైకి లేస్తే చూడ్డానికి బాగుంటుంది. వీడియో గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఇది చేయడం పెద్ద పనేం కాదు, మాస్క్ (లేయర్‌లో ఎంత భాగం కనిపించాలో గీసే హద్దు) ఒక్కటి చాలు. కాకపోతే కొత్తవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట ఇరుక్కుంటారు, ముందు అది చూద్దాం.

"విశాఖపట్నం" అని టైప్ చేశారు. ఆ లేయర్ సెలెక్ట్ చేసి, కీబోర్డు మీద క్యూ నొక్కి, రెక్టాంగిల్ టూల్‌తో అక్షరాల చుట్టూ డబ్బా గీశారు. తర్వాత పొజిషన్‌కి రెండు కీఫ్రేములు (ఏ సమయానికి ఏ విలువ ఉండాలో చెప్పే గుర్తులు) పెట్టి ప్లే చేస్తే అక్షరాలతో పాటు డబ్బా కూడా లేచొస్తుంది, ఏదీ దాక్కోదు! మాస్క్ లేయర్‌కి అతుక్కుని ఉంటుంది కాబట్టి లేయర్ ఎటు పోతే అదీ అటే పోతుంది. మనకి కావాల్సింది కిటికీ కదలకుండా ఉండి, లోపలి మనిషి మాత్రమే కదలడం.

నాకు నచ్చిన దారి టెక్స్ట్ యానిమేటర్. టెక్స్ట్ లేయర్ తెరిస్తే పక్కన యానిమేట్ అని ఉంటుంది, అందులో పొజిషన్ ఎంచుకోండి. ఈ పొజిషన్ లేయర్‌ది కాదు, అక్షరాలది, అందుకే ఇది మారినా మాస్క్ ఉన్నచోటే ఉంటుంది. సైజు 150 ఉన్న టెక్స్ట్‌కి వై విలువ ఓ 250 ఇచ్చి చూడండి, అక్షరాలు పూర్తిగా డబ్బా దాటి కిందికి పోవాలి, ఇంకా కొంచెం కనిపిస్తుంటే పెంచండి. ఇప్పుడు ఆ యానిమేటర్ కిందే ఉండే రేంజ్ సెలెక్టర్‌లో స్టార్ట్‌కి 0 శాతం దగ్గర ఒక కీఫ్రేమ్, 20 ఫ్రేముల తర్వాత 100 దగ్గర ఇంకొకటి. అంతే, అక్షరాలు ఒక్కొక్కటే పైకి వస్తాయి.

ఇక్కడే తెలుగుతో అసలు తంటా. ఇంగ్లిష్ ట్యుటోరియల్ చూసి అక్షరాల అడుగున గీత పట్టుకుని మాస్క్ గీస్తే ఒత్తులు తెగిపోతాయి. "పట్నం"లో నావత్తు సగం పోతుంది. సింహాచలం చందనోత్సవం వీడియోకి "శ్రీ వరాహ లక్ష్మీనరసింహ స్వామి" అని వేస్తే "క్ష్మీ" ఎంత కిందికి దిగుతుందో చూడండి, రెండు ఒత్తులు కదా. అందుకని ముందు టెక్స్ట్ మొత్తం టైప్ చేసి, అన్నిటికంటే కిందికి దిగిన ఒత్తు చూసుకుని, దానికింద ఇంకొంచెం ఖాళీ వదిలి మాస్క్ గీయండి. పైన గుడికి కూడా అంతే.

రెండో తంటా "అను" ఫాంట్లు, అంటే యూనికోడ్ కాని పాతతరం తెలుగు ఫాంట్లు. పెళ్లి వీడియోలు, లోకల్ చానళ్ల పని చేసేవాళ్లలో చాలామంది ఇప్పటికీ అవే వాడతారు. వాటిలో మనకి ఒక అక్షరంగా కనిపించేది లోపల రెండు మూడు ముక్కలు, కాబట్టి అక్షరం అక్షరంగా యానిమేట్ చేస్తే తలకట్టు ఓసారి, ఒత్తు ఇంకోసారి వస్తాయి, చాలా దరిద్రంగా ఉంటుంది. రేంజ్ సెలెక్టర్ అడ్వాన్స్‌డ్‌లో బేస్డ్ ఆన్ దగ్గర క్యారెక్టర్స్ తీసేసి వర్డ్స్ పెట్టండి. యూనికోడ్ ఫాంట్ వాడినా నేను వర్డ్సే పెడతాను, తెలుగుకి మాట మాటగా రావడమే అందం. లావుగా ఉండే టైటిల్‌కి రామభద్ర ఫాంట్ బాగుంటుంది, ఉచితమే.

యానిమేటర్ వద్దనుకుంటే టెక్స్ట్‌ని కంట్రోల్, షిఫ్ట్, సి కొట్టి ప్రీకంపోజ్ చేసి (అంటే దాన్ని వేరే కంపోజిషన్‌లో పెట్టి, బయట ఒకే లేయర్‌గా వాడుకోవడం), మాస్క్ బయట ప్రీకాంప్ మీద గీసి, కదలిక లోపల పెట్టండి. లేదా ఒక షేప్ లేయర్ గీసి దాన్ని టెక్స్ట్‌కి ట్రాక్ మ్యాట్‌గా ఇవ్వండి, అంటే ఆ షేప్ ఉన్నంత మేరే టెక్స్ట్ కనిపిస్తుంది. 2023 వెర్షన్ నుంచి మ్యాట్ సరిగ్గా పై లేయరే అయి ఉండాలన్న రూల్ కూడా పోయింది. చివరి నిమిషంలో పేరు మార్చే క్లయింటు ఉంటే మ్యాటే సుఖం.

ఇక కొండ సంగతి. విశాఖ ఆర్కే బీచ్‌లో ట్రైపాడ్ మీద డాల్ఫిన్ నోస్ కొండ వైపు షాట్ తీయండి, కెమెరా అస్సలు కదలకూడదు. టైమ్‌లైన్‌లో ఆ వీడియోని కంట్రోల్ డి తో డూప్లికేట్ చేసి, రెండిటి మధ్యలో టెక్స్ట్ పెట్టండి. పై కాపీని సెలెక్ట్ చేసి పెన్ టూల్‌తో కొండ అంచు వెంట పాయింట్లు పెట్టుకుంటూ వెళ్లి, కింద సముద్రం, ఇసుక అన్నీ కలిపి ఫ్రేమ్ అడుగున మాస్క్ మూసేయండి. నీళ్లు కూడా కలిపేస్తే హార్బర్‌లోంచి ఓడ బయటికొచ్చినా ఇబ్బంది లేదు, అది టెక్స్ట్ ముందు నుంచే పోతుంది. ఇక్కడ టెక్స్ట్‌కి మాస్కే లేదు కాబట్టి మామూలు పొజిషన్ కీఫ్రేములు చాలు, కొండ వెనక నుంచి లేస్తుంది.

మన బీచ్ గాలిలో తేమ ఎక్కువ, దూరపు కొండ అంచు ఎప్పుడూ కాస్త మసకే. మాస్క్ అంచు కత్తిరించినట్టు ఉంటే వెంటనే దొరికిపోతుంది. ఎఫ్ నొక్కి ఫెదర్ (అంచుని మెత్తగా చేసేది) 2 లేదా 3 ఇవ్వండి, టెక్స్ట్ ఒపాసిటీ కూడా 90 దగ్గరికి దించితే దూరంలో ఉన్నట్టు కలిసిపోతుంది. షాట్ కొంచెం ఊగి ఉంటే మాస్క్ మీద రైట్ క్లిక్ చేసి, షాట్‌తో పాటు మాస్క్‌ని కదిలించే ట్రాక్ మాస్క్ వాడొచ్చు. డ్రోన్ షాట్ ఆలోచన మాత్రం పెట్టుకోకండి, అది నేవీ ఏరియా.

ఆఖర్న కీఫ్రేములు సెలెక్ట్ చేసి ఎఫ్ 9 కొట్టండి, కదలిక కుదుపు లేకుండా మెత్తగా మొదలై మెత్తగా ఆగుతుంది. అదొక్కటే సరిపోదు, రెండో కీఫ్రేమ్ మీద కంట్రోల్, షిఫ్ట్, కె నొక్కి ఇన్‌కమింగ్ ఇన్‌ఫ్లుయెన్స్ 80 చేస్తే టెక్స్ట్ జోరుగా లేచి మెల్లగా ఆగుతుంది. తర్వాత కనీసం రెండు సెకన్లు కదలకుండా ఉంచండి, జనం చదవాలి కదా.