పిల్లల స్థితిని గమనించడం – మూడో పాఠం: ఇద్దరు చూస్తే ఒకటే కనబడుతుందా?

అతి తీవ్ర మేధో వైకల్యం ఉన్న పిల్లల్లో గమనించే స్థితుల జాబితా పోయిన పాఠంలో చూశాం: నిద్ర, మగత, శూన్యపు చూపు, కదలని మెలకువ, కదిలే మెలకువ, ఒకే కదలిక పదేపదే చేయడం, ఏడుపు. ఇప్పుడు పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి, ఇద్దరూ ఒకే పాపను చూస్తూ ఎవరి కాగితం మీద వాళ్లు రాయాలి. ఒకరి కాగితం ఇంకొకరికి కనబడకూడదు. పక్కవాళ్ల పెన్ను గీసిన చప్పుడు వింటే చాలు, మన చెయ్యి కూడా లేస్తుంది. నాకు మొదట్లో అలాగే జరిగేది.

ఇద్దరి చెవుల్లో 15 సెకన్లకోసారి బీప్ మోగాలి. మోగిన క్షణంలో ఉన్న స్థితే రాయండి, రెండు సెకన్ల ముందుది వద్దు. 5 నిమిషాలకు 20 గుర్తులు వస్తాయి.

తగాదా అంతా ఒక్కచోటే వస్తుంది. పాప కళ్లు తెరిచే ఉంటాయి, ఒంట్లో కదలిక ఉండదు. అది మెలకువా, శూన్యపు చూపా? చూపు ఒక వస్తువు మీద నిలిస్తే మెలకువ అనుకుంటాం. కానీ ఈ పిల్లల్లో చాలామందికి చూపు సరిగా ఉండదు. అలాంటి పాప గొంతు వినగానే నోటి కదలిక ఆపిందా, ఊపిరి ఒక్క క్షణం బిగపట్టిందా చూడాలి. ఏ పాపకు ఏది గుర్తో ముందే ఇద్దరూ కూర్చుని రాసుకోండి. తేల్చుకుందామని మొహం ముందు చెయ్యి ఆడించకండి, దాంతో స్థితే మారిపోతుంది. ఉన్నట్టుండి బిగుసుకుపోయి, పిలిచినా తాకినా పలకకుండా చూస్తుండటం పదేపదే జరిగితే మాత్రం వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి. అది మూర్ఛ కావచ్చు.

ఇక లెక్క. 20 గుర్తుల్లో 16 కలిశాయనుకోండి. 80 శాతం, మామూలుగా పాస్ మార్కు. తొందరపడకండి. ఇద్దరూ చెరో 18 సార్లు మగత అని, చెరో 2 సార్లు మెలకువ అని రాశారు. ఆ మెలకువలు ఒక్కసారీ ఒకే బీప్ దగ్గర పడలేదు. కాకతాళీయంగా కలిసే వాటా (0.9 × 0.9) + (0.1 × 0.1), అంటే 0.82. మీ 0.80 దానికన్నా తక్కువే. కాకతాళీయంగా కలిసే వాటాను తీసేసి ఇద్దరూ నిజంగా ఎంత కలిశారో చెప్పేది కప్పా సూత్రం, 1960లో మనస్తత్వవేత్త జేకబ్ కోహెన్ ఇచ్చింది. అందులో వేస్తే (0.80 − 0.82) ÷ (1 − 0.82), అంటే దాదాపు −0.11 వస్తుంది. పాపకు ఏదైనా నేర్పాలంటే మనకు దొరికేవి ఆ రెండు మెలకువలే, సరిగ్గా వాటి దగ్గరే తప్పాం.

వచ్చే పాఠంలోపు ఇలాంటివి మూడుసార్లు చేసి, ఎవరో ఒకరు మెలకువ అని రాసిన గుర్తులను మాత్రమే విడిగా తీయండి. వాటిలో ఇద్దరివీ కలిసినవి ఎన్నో లెక్కేసి దగ్గర పెట్టుకోండి.