రెండు ర్యామ్‌ల మీదా 3200 అనే ఉంది, అయినా బ్లూ స్క్రీన్ ఎందుకు?

ర్యామ్ పెంచాక డిస్‌ప్లే రాలేదా? ముందు కాస్త ఆగండి. కొత్త స్టిక్‌తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు తనే ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ కావచ్చు, డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) అయితే కొన్ని నిమిషాలు నల్ల స్క్రీనే ఉంటుంది. కంగారుపడి పవర్ తీసేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

అప్పటికీ రాకపోతే పాతది తీసి కొత్తదొక్కటే పెట్టండి, తర్వాత పాతదొక్కటే. ఐదు నిమిషాల పని ఇది, దీన్ని వదిలేసి ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) కొనుక్కొచ్చిన వాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది వాడాలి, జత అయితే రెండు, నాలుగు.

16 జీబీ వేస్తే 8 చూపిస్తోందా? చాలాసార్లు ఒక స్టిక్ సరిగ్గా కూర్చోకపోవడమే కారణం. తీసి, టక్‌మనేదాకా నొక్కండి.

అసలు ఏడిపించేది వేరే ఉంది. డిస్‌ప్లే వస్తుంది, 16 జీబీ కనిపిస్తుంది, రెండు రోజులు హాయిగా నడుస్తుంది. తర్వాత ఎప్పుడో ఒక బ్లూ స్క్రీన్, బ్రౌజర్ ట్యాబులు వాటంతటవే పోవడం, మంచి జిప్ ఫైల్ కూడా పాడైందని చెప్పడం. మా తమ్ముడి సిస్టమ్‌కి ఇలాగే అయితే రెండుసార్లు విండోస్ వేశాను, ఎస్ఎస్‌డీ కూడా మార్చాను. విడివిడిగా టెస్ట్ చేస్తే రెండు స్టిక్‌లూ పాస్, కలిపితే ఎర్రర్లు. రెండింటి లేబుల్ మీదా డీడీఆర్4 3200 అనే ఉంది, కానీ ఒకటి 1.2 వోల్టుల దగ్గర సీఎల్22తో (సీఎల్ అంటే అడిగిన డేటా ఇవ్వడానికి పట్టే ఆలస్యం, అంకె తగ్గితే వేగం) మామూలుగానే 3200 నడిచేది, రెండోది ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను లేబుల్ మీది స్పీడుకు నడిపే బయోస్ సెట్టింగ్) ఆన్ చేస్తేనే 1.35 వోల్టులతో, సీఎల్16తో ఆ స్పీడు అందుకునేది. బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్‌లో ఉండటంతో బోర్డు ఆ సీఎల్16 టైమింగ్‌నే రెండింటికీ పెట్టేసింది. సీఎల్22 స్టిక్ అంత వేగం తట్టుకోలేక అప్పుడప్పుడు తప్పు డేటా ఇస్తోంది, ఆ తప్పు ఏ ఫైల్లో పడితే అది పాడవుతుంది.

పరిష్కారం: ఎక్స్ఎంపీ ఆఫ్ చేయండి (కొన్ని ఏఎండీ బోర్డుల్లో దీన్నే డీఓసీపీ అంటారు). పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ను పరీక్షించే సాఫ్ట్‌వేర్) నాలుగు పాస్‌లు, రెండు స్టిక్‌లూ పెట్టే నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ జత పనికిరాదనే అనుకోండి. సున్నా వస్తే అలాగే వాడుకోవచ్చు, 2400కో 2666కో దిగినా ఆఫీసు పనిలో తేడా తెలియదు. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే గేమ్స్ ఆడేవాళ్లకు మాత్రం తెలుస్తుంది, వాళ్లు స్పీడు 3200, టైమింగ్ 22-22-22, 1.35 వోల్టులు చేత్తో పెట్టి మళ్లీ టెస్ట్ చేయాలి. కొనేముందే సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌పీడీ ట్యాబ్ తెరిచి పాత స్టిక్ టైమింగ్, వోల్టేజీ రాసుకుంటే ఈ టెన్షనే ఉండదు.

ఏఎండీకి మాత్రమే అని అమ్మే చవక డీడీఆర్3ని ఇంటెల్ బోర్డులో పెట్టి ఉంటే దాంతో కుస్తీ పట్టకండి, వెనక్కి ఇచ్చేయండి. స్లాట్ పోవడం, ప్రాసెసర్ పిన్ను వంగడం చాలా అరుదు, పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.