రేసు కారు డిజైనర్ కావాలంటే: తిరుపతి, చిత్తూరు విద్యార్థులకు ఒక దారి

ఫార్ములా వన్ పోటీలు చూసి ఆ కార్లపై మనసు పారేసుకున్న విద్యార్థులు తిరుపతి, చిత్తూరు కళాశాలల్లో తక్కువేమీ కాదు. నోటు పుస్తకం వెనుక పేజీల్లో కారు బొమ్మను అందంగా వేయగలిగినవారు కూడా వారిలో చాలామందే ఉంటారు. అయితే రేసు కారు డిజైన్ అంటే బొమ్మ వేయడం కాదు. నిబంధనల పుస్తకం గీసిన హద్దుల్లో, చేతిలో ఉన్న డబ్బుతో, ముంచుకొచ్చే గడువులోపల, బరువుకూ గాలికీ టైరు పట్టుకూ మధ్య రాజీ కుదిర్చి, ఆ రాజీ ఎందుకు సరైనదో కొలతలతో నిరూపించడమే ఆ వృత్తి. దీనికి మొదటి ఐదారేళ్లు కావలసిన సరంజామా మన చుట్టుపక్కలే దొరుకుతుంది కనుక, విదేశీ చదువు గురించి ఆలోచించేముందు దానిని పూర్తిగా వాడుకోవాలని నా అభిప్రాయం.

ముందు వెళ్లినవారి జీవితాలను ఎలా చదవాలి

పేరు పొందిన డిజైనర్ల జీవిత విశేషాలు చదివేటప్పుడు వారు గెలిచిన పోటీల జాబితాను పక్కన పెట్టి, ఇరవై ఏళ్ల వయసులో ఏం చేశారో చూడండి. లోటస్ కార్ల సంస్థను స్థాపించిన కాలిన్ చాప్‌మన్ లండన్ యూనివర్సిటీ కాలేజీలో చదివింది మోటారు ఇంజనీరింగ్ కాదు, కట్టడాల ఇంజనీరింగ్. 1948లో ఆయన ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి, దాని ఆధారంగా తన మొదటి పోటీ కారును తయారు చేసుకున్నారు. గొట్టాల చట్రానికి బదులు కారు తొడుగే బరువు మోసేలా 1962లో లోటస్ 25ను రూపొందించడం వెనుక ఆ కట్టడాల చదువు కనబడుతుంది. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టిన గోర్డన్ ముర్రే కూడా అంతే. సొంతంగా కారు తయారు చేసి, దానిని స్వయంగా పోటీల్లో నడిపి, 1969లో లోటస్‌లో ఉద్యోగం ఆశించి ఇంగ్లండు చేరారు. అక్కడ పని దొరకక బ్రాబమ్ జట్టులో చేరిన ఆ యువకుడే తరువాత ఆ జట్టుకు ప్రధాన డిజైనర్ అయ్యారు. కారు వెనుక పెద్ద ఫ్యాను అమర్చి అడుగున ఉన్న గాలిని లాగేసే ఆయన కారు 1978లో స్వీడన్ గ్రాండ్ ప్రీలో నికీ లౌడా చేతుల్లో గెలిచింది. ఆ తరువాత దానిని మళ్లీ ఫార్ములా వన్ పోటీకి దించలేదు.

ఏడ్రియన్ న్యూవీ దారి కొంత వేరు. ఆయన సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో విమాన శాస్త్రం చదివి 1980లో పట్టా పుచ్చుకుని, నేరుగా రేసు జట్టులో చేరారు. మార్చ్ అనే రేసు కార్ల సంస్థలో డిజైన్ పనితో పాటు రేస్ ఇంజనీరుగా ట్రాక్ పక్కన నిలబడి డ్రైవరు చెప్పేది విన్నారు. కంప్యూటర్లు వచ్చిన తరువాత కూడా ఆయన డ్రాయింగ్ బోర్డు మీద పెన్సిలుతో గీస్తారన్న సంగతిని మనవాళ్లు ముచ్చటగా చెప్పుకుంటారు గానీ, ట్రాక్ పక్కన గడిపిన ఆ ఏళ్ల గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. నేర్చుకోవలసింది రెండోదాని నుంచే.

తేలికైన కారు కోసం పడే ఆరాటానికి మరో వైపు కూడా ఉంది. 1970లో మోంజాలో లోటస్ 72 నడుపుతూ యోహెన్ రింట్ మరణించారు. ముందు బ్రేకు షాఫ్టు విరగడం ఆ ప్రమాదానికి ఒక కారణమని చెబుతారు. ఈ వృత్తిలో ప్రతి గ్రాము తగ్గింపు వెనుకా ఒక మనిషి ప్రాణం ఉంటుందని, లెక్క వేసిన కాగితం మీద సంతకం చేసేది డిజైనరేనని మొదటి రోజే గుర్తించడం మంచిది.

చదువు

ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, ఆపై మెకానికల్, ఆటోమొబైల్, ఏరోస్పేస్ శాఖల్లో ఏదైనా సరిపోతుంది. ఐఐటీ తిరుపతి గానీ, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల గానీ, చిత్తూరు చుట్టుపక్కల ప్రైవేటు కళాశాల గానీ, చేరేముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: వర్క్‌షాపు సాయంత్రం ఐదు తరువాత విద్యార్థులకు తెరిచి ఉంటుందా? పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరేవారికి చేతిపని ముందే అలవడుతుంది కనుక ఆ దారిని చిన్నచూపు చూడనక్కరలేదు. గణితంలో అవకలన సమీకరణాలను, యంత్రశాస్త్రంలో బలాల విభజనను, ద్రవ గతిశాస్త్రాన్ని పరీక్ష కోసం కాక పని కోసం చదవాలి. రెండు వారాల్లో రేసు కారు డిజైన్ నేర్పుతామని సర్టిఫికెట్ అమ్మే కోర్సులకు డబ్బు తగలేయకండి.

చేతిపని ఎక్కడ నేర్చుకోవాలి

సెలవుల్లో ఒక మెకానిక్ షెడ్డులోనో లేత్ షాపులోనో కూర్చోవడానికి యజమానిని ఒప్పించుకోండి. “అన్నా, జీతం వద్దు, పని చూస్తాను” అని అడిగితే కాదనేవారు తక్కువ. మొదటి నెలంతా నట్లు కడగమన్నా కడగాలి, ఎందుకంటే ఏ నట్టును చేరుకోవడానికి మెకానిక్ చేయి పట్టదో, ఏ బోల్టు విప్పడానికి ముందు మరో నాలుగు భాగాలు విప్పాల్సి వస్తుందో తెలియనివాడు గీసిన కారును పోటీల మధ్య విరామంలో ఎవరూ బాగుచేయలేరు.

వెల్డింగ్ విషయంలో చిత్తూరు ప్రాంతానికి ఒక సౌలభ్యం ఉంది. ఇక్కడి మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో స్టెయిన్‌లెస్ స్టీలు పైపులను లోపల గరుకు లేకుండా అతికే ఆర్గాన్ వెల్డర్లు ఉంటారు. రేసు కారు చట్రానికి వాడే పలుచని గొట్టాలకు కావలసిన నేర్పు దాదాపు అదే. మామిడి సీజన్ వేసవిలో మొదలై కొన్ని నెలలు ఊపిరి సలపనివ్వదు కనుక, సీజన్ ముగిసిన తరువాత వెళ్లి అడగండి. అతుకు పక్కన లోహం రంగు ఎలా మారుతుందో, వేడికి గొట్టం ఎటు వంగుతుందో, ఆ వంపును ముందే ఊహించి ఎదురు దిశలో ఎంత లాగి కట్టాలో అనుభవమున్న వెల్డరు నోటి మాటగా చెప్పేది ఏ పాఠ్యపుస్తకంలోనూ అంత సూటిగా ఉండదు.

ఘాట్ రోడ్డును ప్రయోగశాలగా వాడుకోవడం

కొలవడం అలవాటు కావాలంటే ఖరీదైన పరికరాలు అక్కరలేదు. తిరుమల నుంచి దిగే వాహనాన్ని తీసుకోండి. వాహనం బరువు 1,500 కిలోలు, ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు అనుకుంటే, కిందికి చేరేలోపు వదిలించుకోవలసిన శక్తి కోటి జౌళ్లకు పైమాటే. అదే వాహనం గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి బ్రేకులు మింగవలసింది దాదాపు 5.8 లక్షల జౌళ్లు. అంటే ఒక్కసారి కొండ దిగడం, ఆ వేగం నుంచి సుమారు పద్దెనిమిది సార్లు ఆగడంతో సమానం. తక్కువ గేరులో దిగే డ్రైవరు ఈ శక్తిలో పెద్ద భాగాన్ని ఇంజనుకు అప్పగిస్తాడు. బ్రేకు తొక్కుతూనే దిగినవాడి చక్రాల దగ్గర మాడువాసన వస్తుంది.

అలిపిరి దాటి, రోడ్డుకు దూరంగా సురక్షితమైన చోట బండి నిలిపిన తెలిసిన టాక్సీ డ్రైవరు అనుమతితో, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో బ్రేకు డిస్కు ఉష్ణోగ్రత చూడండి. మెరిసే లోహం మీద ఆ పరికరం అసలు కంటే తక్కువ చూపిస్తుంది. అందుకే డిస్కుకు ప్యాడ్ తాకని అంచున, వేడిని తట్టుకునే నల్లరంగు ముందే చిన్న చుక్కగా వేసి, దానినే గురి చూడాలి. డ్రైవరు ఏ గేరులో దిగాడో, ఎంతమంది ఎక్కారో, దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో పక్కన రాసుకోండి. ఈ పట్టిక ఇరవై వరసలకు పెరిగేసరికి బ్రేకు డిస్కుకు గాలి మార్గాలు ఎందుకు పెడతారో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

మలుపుల లెక్క కూడా ఇలాంటిదే. 15 మీటర్ల వ్యాసార్థమున్న మలుపును గంటకు 25 కిలోమీటర్ల వేగంతో తిరిగితే పక్కకు తోసే త్వరణం భూమ్యాకర్షణలో మూడో వంతు. 40 కిలోమీటర్లతో తిరిగితే అది ఐదింట నాలుగు వంతులు దాటుతుంది. వేగం 1.6 రెట్లయితే బలం రెండున్నర రెట్లయింది. గాలి కారును నేలకు అదిమే బలం కూడా వేగపు వర్గాన్ని బట్టే పెరుగుతుంది కనుక, వేగమైన మలుపుల్లో కారుకు అమర్చిన రెక్కలు ఆదుకుంటాయి, హెయిర్‌పిన్ మలుపుల్లో మాత్రం టైరే దిక్కు. ఈ లెక్కలు కాగితం మీద చేయడానికే తప్ప, ఘాట్ రోడ్డు మీద వేగంగా నడిపి చూడడానికి కాదు. అక్కడ నిర్ణీత సమయం కంటే ముందే దిగినవారిపై చర్య తీసుకునేది కూడా అందుకే.

కళాశాల జట్టు: అసలు బడి ఇదే

బీటెక్‌లో చేరిన మొదటి ఏడాదే కళాశాలలో ఫార్ములా స్టూడెంట్ జట్టు, అంటే చిన్న రేసు కారును స్వయంగా తయారు చేసి పోటీకి వెళ్లే విద్యార్థుల జట్టు, ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే పదిమందిని కూడగట్టి మొదలుపెట్టండి. 1981లో అమెరికాలో ఫార్ములా ఎస్ఏఈ పేరుతో పుట్టిన ఈ పోటీ నమూనాను అనుసరించి మన దేశంలో ఫార్ములా భారత్, సుప్రా ఎస్ఏఈ ఇండియా జరుగుతున్నాయి. ఫార్ములా భారత్‌కు వేదిక కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే కాబట్టి తిరుపతి నుంచి కారును లారీలో తీసుకెళ్లడం పెద్ద కష్టం కాదు.

నిబంధనల పుస్తకాన్ని జట్టంతా కలిసి గట్టిగా చదవండి. పెట్రోలు ఇంజను లోపలికి పోయే గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే వెళ్లాలి. అంత సన్నని చోట గాలి శబ్ద వేగాన్ని మించలేదు కనుక, ఇంజను ఎంత పెద్దదైనా శక్తికి ఒక పైకప్పు పడుతుంది. అందుకే మన జట్లలో చాలా వరకు కేటీఎం 390 లాంటి ఒంటి సిలిండరు మోటార్‌సైకిల్ ఇంజనుతో సరిపెట్టుకుని, ఆదా చేసిన బరువుతో లాభపడతాయి. కారును డ్రైవరుతో సహా 60 డిగ్రీల వాలులో వంచినా బోల్తా పడకూడదు, చుక్క ఇంధనం కారకూడదు. డ్రైవరు 5 సెకన్లలో బయటపడగలగాలి. తనిఖీలో నెగ్గని కారు ఎంత అందమైనదైనా ట్రాక్ ముఖం చూడదు.

మార్కులు మొత్తం 1000. వాటిలో 150 డిజైన్ వివరణకే. న్యాయనిర్ణేత వేసే ప్రశ్నలన్నీ “ఎందుకు” అనే మొదలవుతాయి. సస్పెన్షన్ చేయి పొడవు ఇంతే ఎందుకు, ఈ గొట్టం మందం ఎవరు నిర్ణయించారు, కంప్యూటర్ చెప్పిన వంపునూ నిజంగా బరువు వేలాడదీసి చూసిన వంపునూ పోల్చారా? గాలి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కించి గీసే రంగురంగుల సీఎఫ్‌డీ బొమ్మలు చూపించి తప్పించుకోవాలనుకునే జట్లు ఇక్కడే దొరికిపోతాయి. చట్రాన్ని వెనుక వైపు బిగించి, ముందు వైపు ఇనుప దూలం అడ్డంగా కట్టి, ఒక చివర జిమ్ము బరువులు వేలాడదీసి, డయల్ గేజీతో మెలిక కొలిచిన ఒక్క గ్రాఫు పది బొమ్మలకు సమాధానం చెబుతుంది. ఎక్కువ మార్కులుండే 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పరుగును చాలా జట్లు పూర్తి చేయలేవు. వేడెక్కిన రేడియేటరో, ఊడిన వైరో, కారిన ఆయిలో దారిలో ఆపేస్తుంది. కాబట్టి పోటీ నాటికి కారు సిద్ధమైతే చాలదు, దానిని వందల కిలోమీటర్లు నడిపి పాడుచేసి బాగుచేసే వ్యవధి ఉండాలి. కొత్త జట్టు మొదటి ఏడాది రెక్కల జోలికి పోకుండా, తేలికగా, నమ్మకంగా నడిచే కారు మీదే దృష్టి పెట్టడం తెలివైన పని.

ఖర్చు లక్షల్లో ఉంటుంది. కళాశాల కొంత ఇస్తుంది. మిగిలినదానికి శ్రీసిటీ, సత్యవేడు, కరకంబాడి వైపు పరిశ్రమలను ఆశ్రయించవచ్చు. ఇసుజు, అపోలో టైర్స్, హీరో, అమరరాజా వంటివి ఉన్న ప్రాంతమిది. ముందే డబ్బు అడగకుండా ఒక రోజు వారి పరీక్షాశాల వాడుకోనివ్వమనో, మిగిలిపోయిన లోహపు రేకులు ఇవ్వమనో అడిగితే తలుపు త్వరగా తెరుచుకుంటుంది.

పోటీల వాతావరణం తెలియాలంటే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ట్రాక్‌కు వెళ్లండి. సుమారు 3.7 కిలోమీటర్ల ఆ ట్రాక్ మనకు తెల్లవారి బయలుదేరితే టిఫిను వేళకు చేరే దూరంలోనే ఉంది. ప్రేక్షకుల గ్యాలరీలో కంటే జట్ల గుడారాల దగ్గర ఎక్కువసేపు ఉండండి. పరుగు ముగించుకొచ్చిన టైరు మీద మెకానిక్ మూడు చోట్ల సూది గుచ్చి వేడి చూస్తాడు: లోపలి అంచు, నడుమ, బయటి అంచు. నడుమ ఎక్కువ వేడెక్కితే గాలి ఎక్కువైందని, లోపలి అంచు మరీ వేడెక్కితే చక్రం వాలు ఎక్కువైందని అనుమానిస్తారు.

ఊరు దాటేటప్పుడు

ఫార్ములా వన్ జట్లలో ఎక్కువ భాగం ఇంగ్లండులో ఉన్నాయి. ఫెరారీ ఇటలీలోని మరనెల్లోలో ఉంది. ఒక్క మనిషి కారు మొత్తం గీసే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు ఏరోడైనమిక్స్, కాంపోజిట్లు, బలాల విశ్లేషణ, వాహన గతిశాస్త్రం, ఎలక్ట్రానిక్స్ వేర్వేరు విభాగాలు. 2021 నుంచి జట్ల ఖర్చుపైన పరిమితి ఉంది, గాలి వదిలి నమూనాను పరీక్షించే విండ్ టన్నెల్‌లో అసలు కారు పరిమాణంలో 60 శాతానికి మించిన నమూనా పెట్టకూడదు, గెలిచిన జట్టుకు ఆ టన్నెల్ వాడుకునే సమయం తక్కువ. అందువల్ల అన్నీ కొంచెం కొంచెం తెలిసినవారి కంటే ఒక విభాగంలో లోతుగా దిగినవారికే పిలుపు వస్తుంది.

ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ విశ్వవిద్యాలయాలు మోటార్‌స్పోర్ట్ ఇంజనీరింగ్‌లో పీజీ కోర్సులు నడుపుతున్నాయి. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చేముందు ఒక నియమం పెట్టుకోండి: కనీసం ఒక్క పూర్తి కారును జట్టుతో తయారు చేసి తనిఖీ దాటించిన తరువాతే దరఖాస్తు. తల్లిదండ్రులు “ఇది ఉద్యోగమేనా నాయనా?” అని అడగడం సహజం. సస్పెన్షన్, బ్రేకులు, బ్యాటరీ చల్లబరచడం నేర్చినవారికి చెన్నై, బెంగళూరు, పుణె వాహన సంస్థల్లోనూ పని ఉందని వారికి నిజాయితీగా చెప్పండి. రేసు జట్టులో చోటు దొరకడం కష్టమనీ, మొదటి ఏళ్లలో రాత్రింబవళ్లు పనిచేయాలనీ కూడా దాచకండి.

దరఖాస్తుతో పంపే పని నమూనా పుస్తకం పది పన్నెండు పేజీలకు మించకూడదు. ఒక్కో పేజీలో ఒక్క సమస్య, మీ లెక్క, మీరు చేయించిన భాగం ఫొటో, కొలిచిన ఫలితం ఉండాలి. లెక్కకూ కొలతకూ తేడా వస్తే దానిని దిద్దేయకుండా అలాగే చూపించి, ఎందుకు వచ్చిందనుకుంటున్నారో రెండు వాక్యాల్లో రాయండి. ఇంటర్వ్యూలో ముందుగా అడిగేది దాని గురించే. జట్టు చేసిన పనిలో మీ వాటా ఎంతో స్పష్టంగా విడదీసి చెప్పండి. ఉద్యోగం వచ్చాక మొదట మీ చేతికి వచ్చేది రెక్క కాదు, ఒక పైపును పట్టి ఉంచే క్లిప్పో, సెన్సరు బిగించే చిన్న బ్రాకెట్టో అవుతుంది. దాని బరువు, అది విరిగితే ఏమవుతుంది, మెకానిక్ దానిని ఎన్ని సెకన్లలో మార్చగలడు అనే మూడు ప్రశ్నలకు జవాబు రాసి, డ్రాయింగుతో పాటు పై అధికారికి ఇవ్వండి.